పిల్లులు, కుక్కలు, కుండలు

ఇంటర్లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పినవాణ్ణి.
వీణల సొసైటీలో లెక్కలు రాస్తాను.
గొల్లపల్లిలో ఆ నెలంతా
నేనే ఇంగ్లీషు మాస్టర్ని.

ఆవిడ పేరు నియెవెస్.
స్పెయిన్లో గిటార్లు చేసే చెయ్యి.
ఒకే పనస దుంగలోంచి
కుండా దండీ విడదీయకుండా వీణెలా తీస్తారో
చూద్దామని బొబ్బిలి బస్సు దిగింది.
ఆవిడకి తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు.
ఇద్దరికీ అంతంతమాత్రం వచ్చిన ఇంగ్లీషు
మధ్యలో ముక్కాలిపీటలా ఊగుతూ నిలబడింది.

ఆవిడ దగ్గర ఎర్ర నోట్‌బుక్,
అందులో ఇంగ్లీషు జాతీయాలు, వరుసగా నంబర్లు.
నా దగ్గర విజయనగరం గంటస్తంభం పక్కన
పాత పుస్తకాల బండి మీద కొన్న గైడు.
అట్ట లేదు. 'ఎ' పేజీలు చెదలు తినేసింది.
మా చదువు 'బి'తో మొదలు.

బ్రేక్ ద ఐస్, అని చదివాను.
మంచు పగలగొట్టడం.
ఆవిడ పగలబడి నవ్వింది.
నియెవెస్ అంటే వాళ్ళ భాషలో మంచేనట,
నన్ను పగలగొడతారా, అంది.
నాకు తెలిసిన ఐసు
చేపల లారీ కింద కారేదొక్కటే.

పీస్ ఆఫ్ కేక్.
తినేసిన రొట్టె అంటాం మేం, అంది.
నల్లేరు మీద బండి, అన్నాను.
నల్లేరంటే ఏమిటో చెప్పడానికి
కంచె దాకా నడిపించి
ఒక కణుపు తుంపి చేతిలో పెట్టాను.
సులువైన పని అంటే ఇదా, అని
సాయంత్రం దాకా వేళ్ళు గోక్కుంటూ అడిగింది.

కాలు లాగడమంటే ఆటపట్టించడం, గైడు ప్రకారం.
వాళ్ళు జుట్టు పట్టుకుంటారట.
మేం కాళ్ళు పట్టుకుంటే అది వేరే సంగతి,
బ్యాంకు మేనేజరు దగ్గర పనికొస్తుంది, అన్నాను.
రాసుకుంది, నంబరు వేసి.

బాల్చీ తన్నడం దగ్గర మాత్రం
నేను గైడు చూసుకోలేదు.
అది ఎప్పుడో ఇక్కడికొచ్చి
రేషన్ కార్డు తీసుకుంది.

అటుపక్క తవిటయ్య మావ
మా మాటలేవీ పట్టించుకోడు.
ఉలి, కొయ్యసుత్తి. మోకాళ్ళ దాకా పొట్టు.
పద్నాలుగేళ్ళ కిందట ఎడమ కంట్లో పేడు గుచ్చుకుంది.
అప్పట్నుంచి తల ఓ పక్కకి వంచి చెక్కుతాడు,
కర్ర ఏదో చెబుతుంటే వింటున్నట్టు.

మూడోవారం ఒక మధ్యాహ్నం
ఆకాశం ఒక్కసారిగా దిగిపోయింది.
రేకుల మీది చప్పుడుకి అరుచుకోవాల్సి వచ్చింది.
పిల్లులూ కుక్కలూ! అని
ఇంగ్లీషులో, గర్వంగా అరిచాను.
చూరు కింద తడుస్తున్న వీధి కుక్క
నావంక చూసింది.

నియెవెస్ తల అడ్డంగా ఊపింది.
వాళ్ళ ఊళ్ళో అలా కురవదట.
ఎలా కురుస్తుందో ఇంగ్లీషులో దొరక్క
చుట్టూ వెతికి,
సగం తొలిచిన వీణ కుండ మీద అరచెయ్యి వేసి
ఇది, అంది. ఇది నిండా నీళ్ళు. ఒంపడం.

కుండపోత!
నేను అన్నానో, మావ అన్నాడో,
ఇద్దరం ఒకేసారి అన్నామో.
కుందపోతా, కుందపోతా, అంటూ
వాన వెలిసేదాకా నోట్లో తిప్పుకుంది.
ఆ పేజీలో నంబరు వెయ్యలేదు.

వెళ్ళేముందు వీణ ధర అడిగింది.
కాగితం మీద రాసిచ్చాను.
ఒక చెయ్యీ ఒక కాలూ, అని
ఎక్కడో విన్న ఇంగ్లీషు కూడా జోడించాను.
మా దగ్గరైతే చెయ్యీ కాలూ కాదు,
ముఖంలోంచి ఒక కన్ను, అంది నవ్వుతూ.
కంటి కింద వేలు పెట్టి మరీ చూపించింది.
అప్పుడు మావ వైపు చూసి
వేలు దించేసుకుంది.

ఉలి ఆగింది.
"ఏటంతందిరా?"
బాగుందంట మావా, అన్నాను.
"అబద్దాలాడకు. కన్ను సూపించింది కదా.
ఒకటి ఇచ్చీసినాను.
రెండోది బేరానికి నేదని సెప్పు."

చెప్పాను,
ఏ గైడులోనూ లేని ఇంగ్లీషులో.
ఆవిడ నోట్‌బుక్ తెరిచింది, ఏమీ రాయకుండా మూసింది.
బేరమాడకుండా డబ్బు లెక్కపెట్టింది.
మావ అప్పటికే తల వంచేశాడు,
మంచి కన్ను కర్ర వైపు.